నా కొట్టు మీద చుక్క

రేకు మీద సోలార్ పలక, కింద పాత కారు బ్యాటరీ,
ఇరవై రెండు తీగలు.
న్ఖాటా బే చేపల రేవు పక్కన
ఇదే నా కొట్టు.
ఫోను ఒక్కింటికి మూడొందల క్వాచా,
మబ్బు పట్టిన రోజు బేరాల్లేవు.

అందరిదీ ఒకటే గోడు:
"లుసుంగూ, నిన్ననే నింపావు, పొద్దుగూకకుండానే చచ్చింది."
ఫోనును ముందు తీగకు పెట్టను.
సెట్టింగుల్లోకి పోయి
చాటున ఎవరెవరు తింటున్నారో చూస్తాను.

ఫుట్‌బాల్ స్కోర్లు చెప్పేది, ఆట లేని రోజూ మేలుకునే ఉంటుంది.
పందేలది ఒకటి. ఆడేవాడు మానుకున్నా అది మానుకోదు.
పాస్టర్ గారి ఫోనులో పదకొండు ఊళ్ళ వాతావరణం,
ఆయన గడప తొక్కని ఊళ్ళు పది.
టమాటాలమ్మే న్యాబాండా ఫోటోలు
తమంతట తామే ఎక్కడికో ఎక్కిపోతున్నాయి,
ఆమె కొన్న వారం డేటా మంగళవారానికే ఖాళీ.
తెర నల్లబడితే నిద్రపోయిందనుకుంటారు.
చాప కింద నీరు.
ఒక్కోదాన్నీ పీక పట్టుకుని ఆపుతాను.
అందులో నాకో సంతోషం ఉంది, దాచను:
బెల్లం డబ్బా చుట్టూ చీమలకు
సుద్దగీత గీసినంత సంతోషం.

గురువారం ఖుంబో వచ్చాడు,
వల భుజాన, ఫోను టోపీలో.
"సగం రాత్రికే పోతోంది. పడవలో లాంతరే నయం."
చూశాను. నూటికి నలభై వంతులు ఒక్కటే తాగుతోంది,
అతనెక్కడున్నాడో నిమిషానికోసారి ఎవరికో చెప్పేది.
ఎవరికని చూడలేదు. ఆపేశాను.
"ఇక తెల్లారేదాకా ఢోకా లేదు," అన్నాను.
అది అబద్ధం కాలేదు.

రాత్రి పది దాటాక తలుపు దబదబ.
తవోంగా. ఖుంబో భార్య.
కాళ్ళకు చెప్పుల్లేవు, చేతిలో ఫోను ఉంది.
నన్ను తోసుకుని లోపలికొచ్చి
మంచం కింద చూసింది, తెర వెనక చూసింది,
నా మూడు గిన్నెల వెనక కూడా చూసింది.
"ఎక్కడ దాచావు?"
తెర నా ముఖానికి తిప్పింది.
పటంలో రేవు, రోడ్డు, నా రేకుల కొట్టు,
సరిగ్గా దాని నడినెత్తిన
నీలం చుక్క, మధ్యాహ్నం నుంచీ కదలకుండా.

నాకు నవ్వొచ్చింది. నిజంగానే నవ్వాను.
చెప్పాను, ఏది ఆపానో, ఎలా ఆపానో.
ఆమె కూడా నవ్వబోయింది,
సగంలో రేకు గడగడమంది.
మ్వేరా గాలి.
ఇద్దరం ఒకేసారి తలుపు వైపు చూశాం.
మరి ఇప్పుడెక్కడున్నాడు?

ఒడ్డుకు పోయి కూర్చున్నాం.
సరస్సు మీద నలభై, యాభై లాంతర్లు,
ఉసిపా చేపల్ని పిలుస్తూ.
గాలికి కొన్ని ఆరుతున్నాయి, కొన్ని కెరటాల చాటుకు పోతున్నాయి,
ఏది ఆరిందో, ఏది దాగిందో తెలియట్లేదు.
ఫోను చేస్తే రింగవుతోంది.
నీళ్ళు తగలకుండా మూడు పొరల ప్లాస్టిక్‌లో చుడతాడట,
చక్కగా, బ్యాటరీ నిండుగా, రింగవుతూనే ఉంది.
"అతనికి తెలీదు," అంది తవోంగా. "నేనే పెట్టాను.
అనుమానంతోనే పెట్టాను.
ఇప్పుడు అది కాదు.
చుక్క కదులుతుంటే నాకు నిద్రపడుతుంది, అంతే."
నేనేమీ అనలేదు.
నా దుప్పటి ఇద్దరికీ చాలలేదు.

తెల్లారాక వచ్చాడు, తడిసి, సగం వల పోగొట్టుకుని.
నన్ను చూడగానే ఫోను పైకెత్తాడు:
"అరవై ఎనిమిది ఉంది! నీ చేతిలో ఏదో ఉంది, లుసుంగూ!"
తవోంగా ఇసుక వైపు చూసింది.

మధ్యాహ్నం ఫోను మళ్ళీ నా చేతికొచ్చింది.
ఆపిందాన్ని తెరిచాను.
మరి రెండింటిని ఆపి కొంత సర్దాను, కానీ చాలదు, నాకు తెలుసు.
సగం రాత్రికే పోతోందని ఇప్పుడు మళ్ళీ గొణుగుతాడు,
లోపల ఏం తింటోందో చూడమంటాడు.
చూసినట్టు చూసి,
"బ్యాటరీ పాతబడింది ఖుంబో," అంటాను.
మూడొందలు తీసుకుంటాను.
పొద్దున గడప దగ్గర ఆకులో కట్టి
గుప్పెడు ఉసిపా ఉంటుంది.
ఎవరు పెట్టారని నేనడగను.